జోడిగుడలో ఎవరూ చనిపోలేదు

నమోదు 41. సోమవారం, సభ రోజు

పొద్దున్నే చెవిని తుడిచాను. దాని రంధ్రాల్లో మళ్ళీ చీమలు దూరాయి. వేపపుల్లతో గీకి తీశాను.

చెవి అంటే మా ఊరి రచ్చ మీద పాతిన పెట్టె. నడుమెత్తు ఉంటుంది. మూడు నెలలకోసారి ఊరంతా దాని ముందు కూర్చుని తమ ఒంటి సంగతులు, నీళ్ళ సంగతులు చెప్పుకోవాలి. చెప్పిందంతా కింద మైదానంలో ఉన్న ప్రణాళికకి చేరుతుంది. ఏ ఊరికి ఏ మందు, ఏ ఊళ్ళో ఏ గది అన్నది ప్రణాళిక తేలుస్తుంది. అది మనిషి కాదు. దానికి కోపం రాదు, లంచం ఇవ్వలేం, కాళ్ళు పట్టుకోలేం. నేను ఈ ఊరికి గొంతుని. పెద్ద పదవి అనుకునేరు. జనాన్ని పిలవడం, కూర్చోబెట్టడం, కొట్టుకుంటే విడదీయడం, పెట్టె తుడవడం నా పని. ఈ పుస్తకం మాత్రం నా సొంతం.

ఇవాళ చెవి ఎప్పటిలాగే ఇంటింటి పేర్లూ చదివింది. వంతల వాళ్ళ పెద్దకొడుకు పేరు చదివితే వాళ్ళమ్మ కమిలి "ఉన్నాడు" అంది. అతను పోయి పదకొండు నెలలైంది. మా ఇంటాయన పేరు చదివితే నేనూ "ఉన్నాడు" అన్నాను. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది.

మా దగ్గర మనిషి పోతే, రాయి నాటేదాకా పోయాడని నోటితో అనం. రాయి నాటాకే అతనికి వేరే ఇల్లు ఏర్పడినట్టు. అందాకా మనింట్లోనే ఉంటాడు, అతని కంచంలో అన్నం పెడతాం. ఈలోగా పోయాడన్నామంటే మెడపట్టి గెంటినట్టే. ఇక అడవిలో ఆకలితో తిరుగుతాడు. రాయేమో మా పాత ఊరి గెడ్డలోంచే, ఆ కొండవాగులోంచే రావాలి. ఆ గెడ్డ ఆరేళ్ళ కిందట కరెంటు చెరువు కింద మునిగింది. కాబట్టి ఆరేళ్ళుగా జోడిగుడలో ఎవరికీ రాయి లేదు. రాయి లేదు కాబట్టి ఎవరూ పోలేదు. రాయడం గురించి పెద్దలు ఏమీ చెప్పలేదు, వాళ్ళకి రాత రాదు. అందుకని రాస్తున్నాను. ఈ రెండేళ్ళలోనే పద్నాలుగు మంది పోయారు.

నమోదు 42. బుధవారం

లచ్చిమికి రక్తం కడిగే రోజు. లచ్చిమి నా కూతురు, పందొమ్మిదేళ్ళు.

డయాలసిస్ గది ఊరి చివర, తీగబండి దిగే చోట ఉంది. ఒకటే కుర్చీ. డాక్టరు ఉండడు, యంత్రమే సూది గుచ్చుతుంది, యంత్రమే కట్టు కడుతుంది. నాలుగు గంటలు పడుతుంది. నేను పక్కన కూర్చుని రాగులు చెరుగుతూ ఉంటాను. నీరుపట్టు వ్యాధి వచ్చిన వాళ్ళకి మొదట కాళ్ళు వాస్తాయి, తర్వాత మొహం, తర్వాత ఊపిరి ఆడదు. చెరువు నీళ్ళు తాగడం మొదలెట్టాక వచ్చింది ఈ పీడ.

ఈ కుర్చీలో వారానికి నలుగురికే చోటు. ముందు మా ఇంటాయనకి వచ్చింది చోటు. లచ్చిమి కాళ్ళు వాచినప్పుడు ఖాళీ లేదు. ఆయన కుర్చీలోంచి లేచి, కూతుర్ని చూపించి, "నా వొంతు గుంటకిచ్చీండి" అన్నాడు. ఇరవై రెండు రోజులు బతికాడు. నేను వద్దనలేదు. ఏ తల్లి అంటుంది?

ఇప్పుడు గదికి ముగ్గురే వస్తున్నారు. మిగతావాళ్ళు ఆలస్యంగా వచ్చారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళుంటారు! ఇంటికెళుతూ లచ్చిమి గట్టు మీద కూర్చుని నేరేడు పళ్ళు తింటానంది. తినకూడదని యంత్రం చెప్పింది. రెండు ఇచ్చాను.

నమోదు 44. శనివారం

చెవి నుంచి కాగితం వచ్చింది. చదివాను. మళ్ళీ చదివాను. తర్వాత ఆ పెట్టెని చెప్పుతో కొట్టాను.

"జోడిగుడ ఆరోగ్య ప్రణాళిక, ముసాయిదా. నీరుపట్టు వ్యాధికి చికిత్స పొందినవారు పదిహేడు మంది. పద్నాలుగు మంది చికిత్స మానేశారు. పద్నాలుగు మందీ ఉన్నట్టు వారి ఇళ్ళవారే ఎనిమిది సభల్లో చెప్పారు. అంటే పద్నాలుగు మందికీ నయమైంది. మరణాలు, సున్నా. ప్రజల సహకారంతో సాధించిన ఈ ఫలితానికి అభినందనలు. వ్యాధి తగ్గినందున గదిని బొడ్డగుడకి తరలించాలని ప్రతిపాదన. అక్కడ నలభై మంది ఎదురుచూస్తున్నారు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో సభలో చెప్పండి."

అభినందనలట! దాని నోట మన్నుపడ. బొడ్డగుడకి రెండు కొండలు దాటాలి, రెండు రోజుల నడక. తీగబండి కిందికి వెళుతుందే గాని అటు వెళ్ళదు, కింది నుంచి చుట్టుతిరిగితే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. వారానికి రెండుసార్లు వెళ్ళాల్సిన పిల్ల రెండు రోజులు నడిచి వెళ్ళి, రెండు రోజులు నడిచి వస్తే, మళ్ళీ వెళ్ళే రోజు దాటే పోతుంది.

దాన్ని తిట్టాను గాని తప్పు దానిది కాదు. ఎనిమిది సభల్లో ఉన్నాడు, ఉన్నాడు అని మేమే చెప్పాం. మొట్టమొదట చెప్పింది నేను. ఊరి గొంతుని కదా, ముందు వరసలో మా ఇల్లే.

నమోదు 47. గురువారం

సంప్రదింపుల అధికారి తన్మయి వచ్చింది. కబురుపెడితే మూడో రోజుకే తీగబండెక్కి వచ్చింది. మంచి పిల్ల. చాప వేస్తానంటే వద్దని నేల మీదే కూర్చుంది. జావ పెడితే గిన్నె కడిగి బోర్లించింది. నాకు ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఉంది, రాలేదు.

ఉన్నది ఉన్నట్టు నోటితో చెప్పలేక ఈ పుస్తకం తెరిచి ఇచ్చాను. పద్నాలుగు పేర్లూ ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదివింది. కళ్ళు తుడుచుకుంది.

"బుద్రమ్మగారూ, నేను నమ్ముతున్నాను. కానీ నా మాట చెల్లదు. అధికారుల మాట ప్రణాళికలోకి వెళ్ళకూడదని చట్టం. ఊరివాళ్ళు సభలో తమ నోటితో చెప్పాలి. అది కూడా ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. ఇదివరకు ఉన్నాడన్న మనిషిని లేడనాలంటే ఆ ఇంట్లో ఇద్దరు చెప్పాలి."

"ఇద్దరెందుకమ్మా?"

"వెనకటికి కొన్నిచోట్ల బతికున్నవాళ్ళని చనిపోయారని రాయించి భూములు లాక్కున్నారు. అందుకని పెట్టారు."

"కాగితం మీద రాసింది పనికిరాదా?"

"రాదండీ. కాగితాలు బయటివాళ్ళు రాసుకొచ్చి వేలిముద్రలు వేయించుకునేవారు కదా. ఈ చట్టం కోసం మీ అమ్మగారి తరం పదకొండు రోజులు రోడ్డు మీద కూర్చుంది. నేను పుస్తకంలో చదువుకున్నాను."

కూర్చుంది నిజమే. మా అమ్మ కూర్చుంది. నన్ను చంకలో పెట్టుకుని మరీ కూర్చుంది. మా నోటి మాట లేకుండా మాకు మందు కూడా వద్దని అరిచారట. సాధించుకొచ్చారు. ఇప్పుడు మా నోటి మాటే మా గొంతుకి ఉరి.

చెరువు కొంచెం దించి గెడ్డలో పద్నాలుగు రాళ్ళు తీసుకోనిస్తారా అని అడిగాను. పాపం, ఇక్కడి నుంచే కరెంటు వాళ్ళకి అర్జీ పంపింది. గంటలో జవాబొచ్చింది. నీటిమట్టం వేరే ప్రణాళిక కిందికి వస్తుందట. మూడేళ్ళ తర్వాత వరసలో పెట్టారు. మూడేళ్ళు! లచ్చిమికి మూడు వారాలు చాలు.

నమోదు 50. ఆదివారం

ఇల్లిల్లూ తిరిగాను. అడుక్కునేవాళ్ళని కూడా అంతలా తరమరు.

కమిలి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమె మొగుడు డొంబురు పక్కనే బుట్ట అల్లుతున్నాడు. ఇంట్లో ఇద్దరూ ఉన్నారు, రెండు గొంతులు. ఇక్కడే మొదలెడదామనుకున్నాను.

"వొదినా, నీ కొడుకు సంగతి చెవికి సెప్పీ. నువ్వూ అన్నా ఇద్దరూ అంటే సాలు. నా గుంట బతుకుతాది."

"ఏటి సెప్పమంతావొలే బుద్రీ?"

"నీకు తెల్దేటి?"

చేతిలో కత్తి కింద పెట్టింది. "నా కొడుకు లోపలున్నాడు. పొద్దున్నే ఆడికి గంజి పోసినాను. ఆడికి అంబలి పడదు, గంజే తాగుతాడు. నువ్వొచ్చి ఆడిని గెంటీమంతావేటి? నీ గుంట కోసం నా గుంటడిని అడివిలో తోలీమంతావా?"

"నీ కోడలి కాళ్ళు సూసినావా? వాస్తన్నాయి. రేపు దానికీ ఆ గదే దిక్కు!"

"బరువులు మోసిన కాళ్ళు వాయవేటి? ఎల్లెల్లు."

కాళ్ళ దగ్గర ఉమ్మి వచ్చేశాను. గొడ్డుమోతుదానిలా మాట్లాడుతోందని వీధిలో అరిచాను. డొంబురు తల ఎత్తకుండా బుట్ట అల్లుతూనే ఉన్నాడు. పదకొండు ఇళ్ళు తిరిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. రెండిళ్ళలో మాత్రం, దిసారి సరే అంటే ఆలోచిస్తామన్నారు.

దిసారి అంటే మాకు ముహూర్తాలు చూసేవాడు, పూజలు చేసేవాడు. కిల్లో గాసి తాత. చూపు ఆనదు. కొండ మీది నుంచి రాయి ఒకటి నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళి ఆయన ముందు దించాను. నున్నటి రాయి, గెడ్డరాయిలాగే ఉంది.

రెండు చేతులతో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"మంచి రాయేనమ్మా. గానీ మనది కాదు."

"తాతా, నువ్వు మనదే అంటే మనదే అవుతాది. ఎవుడడుగుతాడు?"

"సచ్చినోళ్ళడగరూ?" అని, తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు చెంపలేసుకున్నాడు. "నాకు కోపం నేదమ్మా నీమీద. నా ముసల్ది కూడా ఇంట్లోనే ఉంది గదా ఐదేళ్ళనించి. నాకేటి సరదావేటి? ఈ రాయి నాటీసి, అదొచ్చి ఇందులో ఉండనేకపోతే, అప్పుడేటి సేత్తాను? మళ్ళీ ఇంట్లోకి పిలవడానికి మనకి మంత్రం నేదు."

మోసం చేసి సరే అనవచ్చు. ఆయన అనలేదు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడి ఏడవాలనీ అనిపించింది. ఏడ్చాను.

నమోదు 53. సోమవారం, అభ్యంతరాల సభ

ఊరంతా వచ్చింది. తన్మయి కూడా వచ్చి వెనక నిలబడింది. నేను నిర్ణయించుకునే వచ్చాను. ఎవరు చెప్పినా చెప్పకపోయినా మా ఇంటి సంగతి నేను చెబుతాను. ఒక్క ఇల్లు నోరు తెరిస్తే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుంది. మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం.

చెవి మా ఇంటాయన పేరు చదివింది.

"సచ్చిపోనాడు," అన్నాను.

రచ్చ మీద ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. ఆయన నా వీపు వెనకే నిలబడి ఉన్నట్టనిపించింది, తిరిగి చూడలేదు. ఏ నెలలో, ఏ రోగంతో, ఏ పూట పోయాడో అన్నీ చెప్పాను. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని నాలుగు ముక్కల్లో బయట పడేశాను.

చెవి మర్యాదగా అంది: "ఇది మీరు ఇదివరకు చెప్పినదానికి భిన్నంగా ఉంది. ఇంటి నుంచి రెండో గొంతు కావాలి. పాంగి లచ్చిమీ, మీ నాన్నగారు ఉన్నారా?"

లచ్చిమి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మొహం అప్పటికే ఉబ్బి ఉంది. నావైపు చూసింది.

"ఉన్నాడు," అంది. "ఇంట్లోనే ఉన్నాడు."

నాకు చెవులు పనిచేయలేదు. ఇంకోసారి అడగమని చెవిని నేనే బతిమాలాను. అది అడిగింది. లచ్చిమి అదే చెప్పింది.

"మొదటి మాటే నిలుస్తుంది. అభ్యంతరం రుజువు కాలేదు," అంది చెవి. తర్వాత ఇంకెవరూ నోరు తెరవలేదు.

నమోదు 54. మంగళవారం

ఇంట్లో ఇద్దరం గొంతులు పోయేలా అరుచుకున్నాం.

"సచ్చిపోతావే లచ్చిమీ! ఆ గది ఎల్లిపోతే నెల్రోజులుండవు!"

"తెల్సమ్మా."

"తెలిసి ఎందుకన్నావే? మీ నాన్న నీకోసమే గదే కుర్సీ దిగినాడు! నువ్వు బతకాలనే గదే!"

"అందుకేనే," అని ఏడ్చింది. అంతవరకు ఏడవలేదు. "నాకోసం ఒకపాలి కుర్సీ దిగినాడు. మళ్ళీ నాకోసమే ఇంట్లోంచి కూడా దిగమంతావా? నేను పోతే ఎక్కడికెల్తాను సెప్పు? నాన్న ఇంట్లో ఉంటే నాన్న కాడే ఉంటాను. నువ్వు గెంటీసినావనుకో, నేనెవుల కాడికెల్తాను?"

నేను చెయ్యెత్తాను. ఆ ఉబ్బిన మొహం మీద ఎక్కడ కొట్టను? చెయ్యి దించి పొయ్యిలో కర్రలు సరిచేశాను.

నమోదు 58. శుక్రవారం

గదిని విప్పేశారు. నాలుగు యంత్రాలు వచ్చి గోడలు మడిచి, తీగబండి మీద కిందికి దించాయి. కింది నుంచి లారీలో చుట్టుతిరిగి బొడ్డగుడ వెళుతుందట. నలభై మంది అక్కడ బతుకుతారు. బతకనీ. వాళ్ళేం పాపం చేశారు? వాళ్ళు చెప్పారు, వాళ్ళకి వచ్చింది.

తన్మయి ఉద్యోగం మానేస్తానంది. ఏం లాభం? మానేసి ఇంట్లో కూర్చుంటే నా కూతురు బతుకుతుందా? ఉండి ఏదైనా చెయ్యమ్మా అన్నాను.

నమోదు 63. బుధవారం

లచ్చిమిని డోలీలో బొడ్డగుడ తీసుకెళ్ళి వచ్చాం. దుప్పటి రెండు కొసలూ వెదురుకి కట్టి, నలుగురు మోశారు. ముందు కర్ర పట్టింది డొంబురు. కొడుకుని గెంటనన్నవాడు నా కూతుర్ని రెండు కొండలు మోశాడు, భుజం చర్మం లేచిపోయింది. పోనీ కమిలి అడ్డుపడిందా అంటే అదీ లేదు. దారికి రాగిరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. వీళ్ళని నేను ఎలా తిట్టను, ఎలా తిట్టకుండా ఉండను!

అక్కడ వరసలో పెట్టారు. రోజంతా కూర్చున్నాక చోటు దొరికింది. అక్కడే ఉండిపోతామంటే, మీ ఊరివాళ్ళకి వ్యాధి తగ్గిందని ప్రణాళికలో ఉంది, ఒకసారికైతే మానవత్వంతో ఇస్తాం, ప్రతిసారీ కుదరదు అంది ఆ గది గొంతు. మానవత్వం అన్న మాట యంత్రం నోట విని లచ్చిమికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. అదే మేం కలిసి నవ్వడం ఆఖరు.

నమోదు 65. సోమవారం

ఇంకోసారి బతిమాలదామని మళ్ళీ వెళుతుంటే మొదటి కొండ దిగువన, మధ్యాహ్నం వేళ, నీళ్ళు అడిగింది. ఇచ్చాను. తాగలేదు.

నలుగురూ డోలీ దించారు. డొంబురు దుప్పటి సరిచేసి, "పదండి, ఇంటికెల్దాం. గుంట అలిసిపోనాది," అన్నాడు.

నమోదు 66. సోమవారం, సభ రోజు

రాయకుండా ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. ఇంట్లో రెండు కంచాలు పెడుతున్నాను, నాది కాక. లచ్చిమిది, వాళ్ళ నాన్నది. ఆయన్ని నేను గెంటేశాను గాని లచ్చిమి ఆపింది కదా, అందుకని ఉన్నాడనే అనుకుంటున్నాను.

కమిలి కోడలు ఇవాళ కర్ర పట్టుకుని సభకి వచ్చింది. చీలమండలు కనబడటం లేదు, కాళ్ళు అంతలా వాచాయి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. దాన్ని చూసి నాకు తెలిసింది నేనేం చేయాలో. చెయ్యనని ఒట్టుపెట్టుకునే వచ్చాను, అయినా తెలిసింది.

"పాంగి లచ్చిమి," అని చదివింది చెవి.

లేచి నిలబడ్డాను. లచ్చిమి నా కొంగు పట్టుకుని కింద కూర్చుని ఉందని నాకు తెలుసు. కొంగు లాక్కున్నాను.

"సచ్చిపోనాది. నా కూతురు నీరుపట్టుతో సచ్చిపోనాది. గది నేక సచ్చిపోనాది. ఇరవై ఎనిమిది రోజులైంది. రాసుకో!"

"ఇది ఇదివరకటి సమాచారానికి భిన్నంగా ఉంది. ఇంటి నుంచి రెండో గొంతు కావాలి. మీ ఇంట్లో ఇంకా ఎవరున్నారు?"

ఎవరున్నారు?

"నేనున్నాను!" అని డొంబురు లేచాడు. "నేను మోసినాను ఆ గుంటని. నా బుజమ్మీదే..."

"మీరు ఆ ఇంటివారు కారు. దయచేసి కూర్చోండి." అంది చెవి. "పాంగి వారింట్లో రెండో గొంతు లభించలేదు. పాంగి లచ్చిమి ఉన్నట్టే కొనసాగిస్తున్నాం. ఆమె ఆరోగ్యం ఎలా ఉంది?"

చెవి కాసేపు ఎదురుచూసింది. దానికి ఓపిక ఎక్కువ.

"ఫిర్యాదు లేనట్టుగా నమోదు చేస్తున్నాం. తర్వాతి ఇల్లు, వంతల." కమిలి కొడుకు పేరు చదివింది.

కమిలి కోడలి కాళ్ళ వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. డొంబురు నోరు సగం తెరిచాడు. ఆమె చెప్తే తనూ చెప్తాడని నాకు కనబడుతూనే ఉంది. కమిలి పెదాలు కదిలాయి. నా వైపు తిరిగింది. నా పక్కన ఖాళీగా ఉన్న చోటుని చాలాసేపు చూసింది.

"ఉన్నాడు," అంది.

నేను కమిలిని ఏమీ అనలేదు.